మా షాపు పేరున్న డిస్కులు

చిక్కడపల్లిలో లైబ్రరీ వైపు వెళ్లే సందులో ఒక డీటీపీ సెంటర్ ఉండేది. అందులో నేను తొమ్మిదేళ్లు ఆపరేటర్‌గా పనిచేశాను. పాత ఇంటి మెట్ల కింద గది, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఇనుప బీరువా. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునే కవుల పుస్తకాలు వచ్చేవి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్.

షాపు నడిపే ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్దది. ఒకప్పుడు కాచిగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఆ ప్రెస్సు మూతపడ్డాక ఉన్న నగలు అమ్మి ఈ షాపు పెట్టింది. అందరిలాగే నేనూ ఆమెను అక్క అనేదాన్ని. తప్పు దొరికితే కసిరేది కాదు. ఎర్ర పెన్నుతో చుట్టి, కాగితం మన ముందు పెట్టి వెళ్లిపోయేది. ఆ ఎర్ర సున్నా చూడటం కంటే తిట్లు తినడం నయమనిపించేది.

ఎక్కడ టైపు చేసినా ఎక్కడైనా చదవగలిగే తెలుగు అప్పటికి మా షాపుల దాకా రాలేదు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో రకం ఫాంట్లు. ఒకదాంట్లో చేసిన ఫైలును అది లేని కంప్యూటర్లో తెరిస్తే గీతలు, కామాలు, ఇంగ్లిషు అక్షరాలు కలగాపులగంగా కనిపించేవి. మేము వాడేది నారాయణగూడలో ఉండే ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు తయారు చేసింది. అక్షరాలన్నీ ఆయనే గ్రాఫు కాగితం మీద చేత్తో గీశారు. ప్రోగ్రాం ఆయన కూతురు రాసింది. ఎవరైనా కొనడానికి వస్తే ఇంట్లోనే ఒక్కో డిస్కు రాసి ఇచ్చేవాళ్లు. రాసేటప్పుడు కొన్న షాపు పేరు లోపల చేర్చేవాళ్లు. సహాయం అనే మెనూ నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుని, ఈ ప్రతి ఫలానా షాపు కోసం తయారు చేసింది అని కనబడేది. అక్కకు ఆ కిటికీ అంటే ఇష్టం. కొత్తగా వచ్చినవాళ్లకు తెరిచి చూపించేది.

ఒక వానాకాలం సందులోని నీళ్లు గదిలోకి వచ్చి బీరువా అడుగు అర మునిగింది. డిస్కు అందులోనే ఉంది. తుడిచి ఆరబెట్టినా పైనున్న మెరుపు పొర పెచ్చులుగా లేచింది. అదే వారం ఒక కంప్యూటర్ చెడిపోయి అన్నీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. డిస్కేమో చదవట్లేదు. అక్క నన్ను నారాయణగూడ పంపింది.

డ్రాయింగ్ సార్ పాడైన డిస్కు తీసుకుని, మా పేరుతోనే కొత్తది రాయించి ఇచ్చారు. దాంతోపాటు ఇచ్చే కాగితంలో కాపీ చేయరాదని ఉంది. ఇంకోసారి నీళ్లొస్తే మళ్లీ మీ దగ్గరికే రావాలి కదా, ఒకటి రాసి వేరేచోట దాచుకుంటే తప్పా అని అడిగాను.

“అది బయటోళ్ల కోసం రాసిన మాట,” అన్నారు. “కొన్నోళ్లు పాడైతదేమోనని ఒకటి రాసి పెట్టుకోవచ్చు. చట్టమే ఒప్పుకుంటది. ఆ రాసింది ఇంకొకరి చేతికి పోతే దొంగతనం అయితది. తేడా అంతే.”

షాపుకొచ్చి కాపీ రాశాను. అసలుదాన్ని అక్క ఇంటికి తీసుకెళ్లింది. కాపీ బీరువా పై అరలోకి వెళ్లింది. బీరువా తాళం నా దగ్గరే ఉండేది.

నా పక్క కంప్యూటర్ మీద ఇంకో అమ్మాయి పనిచేసేది. ఇద్దరం ఒకే దారిలో నడిచి వచ్చేవాళ్లం. మధ్యాహ్నం ఒకరి డబ్బా ఒకరం తినేవాళ్లం. నాకంటే వేగంగా టైపు చేసేది, నాకంటే వేగంగా నిర్ణయాలు తీసుకునేది. మూడేళ్లు పనిచేశాక అశోక్‌నగర్లో సగం షట్టరు కిరాయికి తీసుకుని సొంతంగా షాపు పెట్టుకుంది. అక్కే వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

పది రోజుల తర్వాత నా స్నేహితురాలు నన్ను టీకి పిలిచింది. లెక్చరర్లు పాత నోట్సు ఫైళ్లు తెచ్చి మార్పులు చేయమంటున్నారట. అవన్నీ మా దగ్గర చేసినవి. ఆమె కంప్యూటర్లో తెరిస్తే గందరగోళమే. సాఫ్ట్‌వేర్ తప్పకుండా కొంటాననీ, నాలుగు నెలలు ఓపిక పట్టమనీ, అంతవరకు మా డిస్కు ఒకటి రాసిమ్మనీ అడిగింది.

నేను వద్దనలేదు. సార్ చెప్పిన తేడా నేనేమీ మరచిపోలేదు. మరుసటి రోజు అక్క బ్యాంకుకు వెళ్లినప్పుడు ఖాళీ డిస్కు పెట్టి రాశాను. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. భయపడ్డానని ఇప్పుడు రాస్తే బాగుంటుంది కానీ, భయపడలేదు. స్నేహితురాలి డబ్బాలో ఇంత కూర వేసినట్టే అనిపించింది. ఆ లెక్చరర్లు అప్పటిదాకా మా షాపుకు వచ్చేవాళ్లని, ఆ డిస్కుతో పాటు వాళ్లను కూడా ఇచ్చేస్తున్నానని కూడా నాకు తట్టలేదు.

తర్వాతి ఏడాది ఒక లా లెక్చరర్ జడ్జి పరీక్షకు చదివేవాళ్ల కోసం నోట్సు తెచ్చారు. కాపీరైటు చట్టం భాగం నా వంతుకు వచ్చింది. ప్రోగ్రాంను సక్రమంగా పొందిన వ్యక్తి, పోకుండా పాడవకుండా రక్షణ కోసం ప్రతి చేసుకోవచ్చని ఒక పేజీలో టైపు చేశాను. అక్రమ ప్రతి అని తెలిసి కూడా దాన్ని కంప్యూటర్లో వాడటం నేరమని, దానికి జైలుశిక్ష ఉందని ఇంకో పేజీలో టైపు చేశాను. ఆ పేజీలో అక్క ఒకే తప్పు పట్టింది. ‘ఉల్లంఘన’లో ఒక వత్తు పోయింది. సరిచేశాను. నాలుగు నెలల గడువు అప్పటికి ఎప్పుడో దాటింది. స్నేహితురాలిని అడగాలని రెండుసార్లు అశోక్‌నగర్ దాకా వెళ్లి, వేరే మాటలు మాట్లాడి వచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు సార్ మా షాపుకు వచ్చారు. బంధువుల ఇంటి గృహప్రవేశం కార్డు కోసం అడిక్‌మెట్‌లో ఒక షాపుకు వెళ్తే తెరమీద తన అక్షరాలు కనిపించాయట. ఆ షాపుకు ఆయన అమ్మలేదు. మెనూ తెరిపించి చూస్తే కిటికీలో మా షాపు పేరుంది. అనుమానమొచ్చి ఇంకో రెండు షాపులకు వెళ్లారు. అక్కడా మా పేరే. ఆయన గొంతు పెంచలేదు. కనుక్కుందామని వచ్చానన్నారు.

అక్క కుర్చీలోంచి లేచింది. పక్కనున్న మానిటర్ మీద చెయ్యి పెట్టింది.

“సార్, నాకు అన్నం పెట్టే మిషన్ ఇది. దీని మీద ఒట్టేసి చెప్తున్న. నా షాపుల కెల్లి డిస్కు బయటికి పోలే.”

నేను అదే గదిలో, రెండో కంప్యూటర్ ముందు ఉన్నాను. నా వేళ్లు టైపు చేస్తూనే ఉన్నాయి. ఏం టైపు చేశానో తర్వాత చూసుకుంటే అర్థం లేని రెండు పంక్తులున్నాయి. మీరు చెప్పాక ఇంకేముందమ్మా అని, సార్ మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

అక్క మాత్రం వదల్లేదు. షాపుకు వచ్చిపోయే ప్రతి మనిషినీ తలచుకుని అనుమానించింది. చివరికి ఆమె అనుమానం కంప్యూటర్లు రిపేరు చేసే అతని మీద నిలిచింది. ఫోన్ చేసి ఇక రావద్దంది. అతను ఎందుకని కూడా అడగలేదు. సరే అక్కా అన్నాడట. నేను ఆ ఒక్క మాటకు కదిలాను. మరుసటి పొద్దున షట్టరు ఎత్తగానే చెప్పేశాను.

అక్క నిలబడే విన్నది.

“ఎన్ని ఇచ్చినవ్?”

“ఒక్కటే అక్క.”

“ఆయన మూడు చోట్ల చూసిండు.”

ఆమె కూర్చుంది. ముందు రోజు ప్రూఫు తీసుకుంది, ఒక పేజీ చదివింది, మళ్లీ పక్కన పెట్టింది.

“డిస్కు ఇచ్చినందుకు గాదు,” అంది. “నీ తప్పుకు నా నోటితోని దొంగ ఒట్టు పెట్టించినవ్. పక్కనే కూసోని విన్నవ్.”

రిపేరు అతనికి ఫోన్ చేసి తప్పు తనదేనని చెప్పుకుంది. తర్వాత షట్టరు దించి నన్ను తీసుకుని నారాయణగూడ నడిచింది. దారి పొడుగునా నాకంటే నాలుగడుగులు ముందే ఉంది. ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటేటప్పుడు మాత్రం, ఎప్పటి అలవాటు కొద్దీ నా చెయ్యి పట్టుకుంది. దాటాక వదిలేసింది.

సార్ ఇల్లు రెండో అంతస్తులో. ముందు గదిలో బల్ల మీద గ్రాఫు కాగితాలు ఉన్నాయి. ఒక్కో కాగితం మీద ఒకే అక్షరం, అరచేతి అంత. అక్క ముందు తన ఒట్టుకు క్షమాపణ చెప్పింది, తర్వాత నన్ను చెప్పమంది. నేను చెప్పినంతసేపు సార్ పెన్సిల్‌తో ఏదో గీత సరిచేస్తూనే ఉన్నారు. కోపాన్ని ఆయన అలా చేతికి పని చెప్పి అణచుకుంటున్నారని నాకు చాలా తర్వాత అర్థమైంది.

అప్పటికే ఆయన తెలిసిన వకీలును కలిశారట. చట్టం తన వైపే ఉందని వకీలు చెప్పాడట.

“కానీ కేసు పెడితే మొదలు ఎవరి డిస్కు అని అడుగుతరు,” అన్నారు. “దాని మీద ఉన్నది మీ పేరు. పోలీసులు మొదలు మీ గల్లీకే వస్తరు. నాకది వద్దు.”

ఆయన కోరింది వేరు. నేను ఆయనతో పాటు ఆ షాపులన్నిటికీ వెళ్లాలి. కావాలన్నవాళ్లు వాళ్ల పేరుతో కొనుక్కుంటారు, వద్దన్నవాళ్లు తీసేస్తారు. స్నేహితురాలి దగ్గరికి ముందు పోతే అందరికీ ఫోన్లు వెళ్తాయి కాబట్టి ఆమె షాపు ఆఖరున అన్నారు. అక్క నన్నడగకుండానే సరేనంది.

నాలుగు మధ్యాహ్నాలు తిరిగాం. సార్ ఎండకు కాటన్ టోపీ పెట్టుకుని నెమ్మదిగా నడిచేవారు. ఒక షాపు వాళ్లు చెబితే ఇంకోటి తెలిసి, మొత్తం ఆరు తేలాయి. ప్రతిచోటా నేనే మెనూ తెరిచి కిటికీ చూపించాలి. ఆరు తెరల మీద మా షాపు పేరు చూశాను. హైదర్‌గూడలో ఒకతను నవ్వి, ఎవరో వేసిచ్చారని చెప్పి, మా కళ్ల ముందే తీసేశాడు. మేము మెట్లు దిగేలోపు మళ్లీ ఎక్కించుకుని ఉంటాడు. ఒకామె వెంటనే కొంటానంది, కొన్నది కూడా. ఇద్దరు, మా ఓనరు లేడు, రేపు రండి అన్నారు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

అడిక్‌మెట్ షాపతను వేరు. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైపు చేసేవాడు. అతని తల్లిదండ్రులు పాలమూరు నుంచి వచ్చి బిల్డింగ్ పనుల్లో కూలి చేసేవాళ్లు. అతనూ కొన్నేళ్లు ఇసుక మోశాడు. ఒక లెక్చరర్ ఇంటి పని చేసేటప్పుడు ఆయనే టైపు నేర్పించారట. ఇదంతా అతనే చెప్పాడు, మాకు కుర్చీలు తుడిచి వేస్తూ. సార్ డిస్కు సంగతి ఎత్తగానే అతను గర్వంగా లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో దాచిన డిస్కు తెచ్చాడు.

“ఇది ఒరిజినలే సార్. కాపీలు నేను వాడ. కొన్న.”

డిస్కు మీద సాఫ్ట్‌వేర్ పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. తలకట్టు పొడుగ్గా పక్కకు లాగిన రాత. మూడేళ్లు నా పక్కన కూర్చుని రాసిన చెయ్యి అది. నేను ఇచ్చింది ఒక్కటే. ఆమె దానికి కాపీలు రాసి అమ్ముకుంది.

అది అసలుది కాదని సార్ చెప్పగానే అతను డిస్కును బల్ల మీద పెట్టేశాడు.

“నా మీద కేసు అయితదా సార్?”

“దొంగదని తెలిసి వాడితే నేరం,” అన్నారు సార్. “నీకు తెల్వదు. కానీ ఇప్పుడు తెలిసింది. ఇగ అది వాడొద్దు.”

మర్నాడు సార్ అతని షాపు పేరుతో కొత్త డిస్కు రాయించి తెచ్చారు. అతను డబ్బులు తీయబోతే, నువ్వు ఒకసారి కొన్నావు, అమ్మినవాళ్లే వేరు అని చెయ్యి అడ్డం పెట్టారు. కొత్తది ఎక్కించాక కిటికీ తెరిచి, అందులో తన షాపు పేరు చూసి, అతను భార్యను కూడా పిలిచి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“మీ షాపు పేరు గూడ ఖరాబ్ చేసిండ్రు కదా అక్క.”

సార్ నా వైపు చూశారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆయన టోపీ పెట్టుకున్నారు.

ఆఖరి రోజు అశోక్‌నగర్ వెళ్లాం. నా స్నేహితురాలి షాపు ముందు కుర్రవాళ్లు జిరాక్సు కోసం వరుసలో ఉన్నారు. మమ్మల్ని చూసి ఆమె లేచి సార్‌కు కుర్చీ వేసింది. సార్ విషయం చెప్పారు. ఆమె దాచలేదు. దాచే మనిషి కాదు. సూటిగా నన్నే అడిగింది.

“నువ్వే కదా ఇచ్చినవ్. నేనేమన్న బీరువ పగలగొట్టిన్నా?”

“నీకని ఇచ్చిన. అమ్ముకొమ్మని ఇయ్యలే.”

“నాకిచ్చినప్పుడు తప్పు గాదా మరి? నలుగురికి పోతేనే తప్పా?” ఆమె ఆగలేదు. “మీ అక్క షాపుల మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ కొన్నవేనా? పేజీలు పెట్టేది, ఫొటోలు దిద్దేది, అసలు కంప్యూటర్ నడిపేదే? ఎవలకు లెక్క చెప్పిండ్రు?”

అది నిజం. అవన్నీ కంప్యూటర్ బిగించినప్పుడు ఊరికే వేసిచ్చిన కాపీలే. మా షాపులో కొన్నది సార్ ఒక్కరిదే, అది కూడా ఆయన నడిచి వెళ్తే కనిపించే మనిషి కాబట్టి. దూరాన ఉన్న కంపెనీల సంగతి మాకెప్పుడూ గుర్తుకు రాలేదు. నేను తలెత్తలేకపోయాను. సార్ మాత్రం కదల్లేదు.

“వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటరమ్మా. నేను నా అక్షరాలు అడగనీకె వచ్చిన,” అన్నారు.

ఆమె వరుసలో ముందున్న కుర్రవాడికి జిరాక్సులు తీసిచ్చింది. తర్వాత తనకొకటి కొంటానంది. షాపు పేరు స్పెల్లింగు కాగితం మీద రాసిచ్చింది. ఇతరులకు అమ్మిన వాటి గురించి ఏమీ అనలేదు, సార్ కూడా అడగలేదు. మేము బయటికి వచ్చేటప్పుడు ఆమె నన్ను పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఎదురైనా ఇద్దరం పలకరించుకోలేదు. ఆమె షాపు పెద్దదైంది. ఇప్పుడు ఆ వీధిలో రెండు షట్టర్లు ఆమెవే. తప్పు చేసినవాళ్లు చెడిపోతారని నేను రాయలేను.

అక్క నన్ను పని మానిపించలేదు. బీరువా తాళం కూడా నా దగ్గరే ఉంచింది. అయితే అంతకుముందు ఎవరైనా ప్రూఫు సరిగ్గా చూశారా అంటే, మా అమ్మాయి చూసింది, ఇంకేం చూడక్కర్లేదు అనేది. ఆ తర్వాత అలా అనడం మానేసింది. ఆమెనే అడుగుండ్రి అనేది. నేను అక్కడ పనిచేసిన మిగతా నాలుగేళ్లూ ఆ మాట మారలేదు. తప్పుగా నిందించినందుకని రిపేరు అతనికి మాత్రం ప్రతి దసరాకు బట్టలు పెట్టేది.

తర్వాత కాలం మారింది. ఎక్కడైనా తెరుచుకునే తెలుగు వచ్చింది. డిస్కు కొనేవాళ్లు, దొంగిలించేవాళ్లు ఇద్దరూ లేకుండా పోయారు. అక్క షాపు మూసేసి కూతురి దగ్గరికి వెళ్లింది. సార్ ఆ గ్రాఫు కాగితాల్లోని అక్షరాలను కూతురి చేత కొత్త పద్ధతిలోకి మార్పించి, ఎవరైనా తీసుకోవచ్చని నెట్‌లో పెట్టించారు. నేను కలవడానికి వెళ్తే చెప్పారు. అప్పుడు అంతమంది గడపలు తొక్కాం కదా సార్, ఇప్పుడు ఊరికే ఇచ్చేశారే అన్నాను.

“అప్పుడు అడగకుండ తీసుకుండ్రు. ఇప్పుడు నేను ఇస్తున్న. రెండూ ఒకటేనా?” అన్నారు. కాస్త చిరాకుగానే అన్నారు. ఇంత తిరిగినా నాకు అర్థం కాలేదనుకున్నారేమో.

నేను ఇప్పుడు ఇంటి నుంచే పుస్తకాల పని చేస్తున్నాను. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా కడుతున్నాను. ప్రింట్లు కావాల్సి వస్తే అడిక్‌మెట్ వెళ్తాను. అతని షాపు అక్కడే ఉంది, కొంచెం లోపలికి జరిగింది. నేను వెళ్లగానే టీ చెప్తాడు. దుకాణంలో ఎవరుంటే వాళ్లకు ఆ రోజుల సంగతి చెప్తాడు. ఎవరో తనకు దొంగ డిస్కు అమ్మితే, ఒక పెద్ద సారు, ఈ అక్క షాపుషాపూ తిరిగి దాని జాడ పట్టుకున్నారని, లేకపోతే తాను తెలియకుండా దొంగ అయ్యేవాడినని. పోయిన నెల కూడా ఒక రీసెర్చ్ స్కాలర్‌కు చెప్పాడు. ఆమె నా వైపు గౌరవంగా చూసింది. నేను టీ తాగి, ప్రింట్లు లెక్కపెట్టుకుని, సంచిలో సర్దుకుని బస్టాప్ వైపు నడిచాను.